పడుకునే కారు

మా అబ్బాయి వుండేది ఫ్రాన్సులో, తులూజ్ అనే ఊళ్ళో. అక్కడ విమానాలు తయారుచేస్తారు. షాద్‌నగర్ నుంచి అంత దూరం వెళ్ళి నేను నోరు తెరుచుకుని చూసింది మాత్రం విమానాన్ని కాదు, పక్కింటి ముసలాయన కారుని.

సిట్రోయెన్ డి.ఎస్. అట. 1972 నాటి బండి. రాత్రి వాకిట్లో నిలిపితే తెల్లారేసరికి పొట్ట నేలకి ఆనబోతూ పడి వుండేది. టైర్లలో గాలి పోయిందేమో, పాపం చెబుదామా అనుకున్నాను మొదటిరోజు. ఇంతలో ఆయన వచ్చి ఇంజను స్టార్టు చేశాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత వెనకభాగం మెల్లగా లేచింది. ఆ తర్వాత ముందుభాగం. సరిగ్గా మా ఇంట్లో బర్రె లేచినట్టే! పశువులు ముందు వెనకకాళ్ళే లేపుతాయని పల్లెటూరి వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు కదా.

దీనికి కమాన్ పట్టీలు లేవు, స్ప్రింగులు లేవు. చక్రానికొకటి చొప్పున పీచు తీసిన కొబ్బరికాయంత ఇనుప గోళం. లోపల రబ్బరు పొర. దానికి ఒకపక్క నైట్రోజన్ వాయువు, రెండోపక్క నూనె. చక్రం మిట్టెక్కితే నూనె పోయి వాయువుని నొక్కుతుంది, వాయువు మళ్ళీ నూనెని వెనక్కి తోస్తుంది. ఆ కుదుపేదో వాళ్ళిద్దరి మధ్యనే తేలిపోతుంది, మనదాకా రాదు. నూనెకి ఒత్తిడి ఇచ్చే పంపు ఇంజనుతోనే తిరుగుతుంది. ఇంజను ఆగాక ఒత్తిడి మెల్లమెల్లగా జారిపోయి బండి పడుకుంటుంది. ఇది కనిపెట్టిన పాల్ మాజెస్‌కి ఇంజనీరింగు డిగ్రీ లేదని విని, డిగ్రీ వున్న మావాడికేసి చూశాను. వాడు కిటికీలోంచి బయటికి చూశాడు.

దాని చాదస్తాలు యిన్నీ అన్నీ కావు. బ్రేకుకి పెడలు లేదు, పుట్టగొడుగులాంటి రబ్బరు బొడిపె వుంది. దాన్ని తొక్కకూడదు, తాకాలి. మావాడు అలవాటుకొద్దీ తొక్కితే మా తలలన్నీ ముందుకు వంగి దణ్ణం పెట్టాయి. మొదట్లో వీటికి ఎర్రనూనె పోసేవారట, 1960ల చివర్నుంచి ఆకుపచ్చది. దీని బదులు అది పోస్తే రబ్బరు సీళ్ళన్నీ పాడు. గోళంలో వాయువు ఏళ్ళమీద తరిగిపోతే, యింత మెత్తని కారూ ఎడ్లబండిలా ఎగరేస్తుంది. టైరు మార్చాలంటే బండిని పూర్తిగా పైకి లేపి, పక్కన ఒక స్టాండు ఆనించి, దిగమనాలి. అది పడుకోబోయి చక్రాన్ని తనే పైకెత్తుకుంటుంది! 1962 ఆగస్టు 22న ద గోల్ మీద తుపాకులు పేలినప్పుడు రెండు టైర్లు పోయినా ఆయన్ని క్షేమంగా దాటించింది యీ రకం కారేనని ముసలాయన తన కొడుకు ఘనకార్యంలా చెప్పాడు.

ఓ ఆదివారం మమ్మల్ని ఎక్కించుకుని ఊరి బయటికి తీసుకెళ్ళాడు. రాళ్ళు పరిచిన పాతదారి. ప్రతి ఎగుడుదిగుడునీ ముందే చూసి వొళ్ళు బిగబట్టుకుంటున్నాను. కుదుపు మాత్రం రాదు. కాసేపటికి చూసుకుంటే నా రెండు చేతులూ వొళ్ళో దొన్నెలా పట్టుకుని వున్నాయి.

అలా పట్టుకున్నది 1984లో. పెరట్లో జారిపడి మా అమ్మకి తుంటి ఎముక విరిగింది. అంబాసిడర్ టాక్సీ మాట్లాడి, వెనకసీట్లో పడుకోబెట్టి, తల నా వొళ్ళో పెట్టుకుని హైదరాబాదు బయల్దేరాం. యాభై కిలోమీటర్లు. అంబాసిడర్‌కి వెనకవైపు కమాన్ పట్టీలే, అవి బరువు మోస్తాయిగాని బాధ మోయవు. కొత్తూరు దాకా అమ్మ పళ్ళు బిగించుకుని వూరుకుంది. ఆ తర్వాత గుంట గుంటకీ “మెల్లగ పోమ్మను బిడ్డా” అనేది. డ్రైవరు పాపం ఎడ్లబండికన్నా మెల్లగానే పోతున్నాడు. “మెల్లగ్గనే పోతున్నడే అమ్మా” అంటే, “ఇంకెంత దూరముందిరా?” అనేది. శంషాబాద్ యింకా రాకముందే దాటేశామని అబద్ధం చెప్పాను. రోడ్డుమీద ఏ గుంట ఎక్కడుందో నాకిప్పటికీ గుర్తు. ఆ రోడ్డు మారిపోయి ఎన్నాళ్ళయిందో! తర్వాత అమ్మ నాలుగు నెలలే వుంది.

యింటికొచ్చాక ముసలాయన తలుపు పక్కనున్న మీట జరిపి చూపించాడు. కారు బుద్ధిగా కిందికి దిగింది.

“వాడికి చెప్పి అడుగు, నడుం వంచలేని ముసలావిణ్ణి పడుకోబెట్టి ఎక్కించాలంటే యిలా దించి ఎక్కించొచ్చా?” అన్నాను మావాడితో.

“వాడేమిటి నాన్నా, ఆయన!” అని కసురుకుని అడిగాడు.

దించి ఎక్కించి, మళ్ళీ లేపుకుని పోవచ్చునట. ముసలాయన ఉత్సాహంగా కారుని రెండుసార్లు దించి, లేపి చూపించాడు. తర్వాత ఏదో అడిగాడు.

“ఎవరికి బాగాలేదని అడుగుతున్నారు” అన్నాడు మావాడు. వాడు వాళ్ళ నానమ్మని చూడలేదు.

“ఎవరికీ లేదని చెప్పు” అన్నాను.