దాచిన బొమ్మలను సర్దుకున్నాము

మన ఇండ్లలో బొమ్మలు కత్తిరించి దాచుకొనుట కొత్త సంగతి కాదు. వారపత్రికలో వచ్చిన రవిక డిజైను, ఆవకాయ కొలతలు, ముగ్గు, దిండు గలేబుకు కుట్టవలసిన పువ్వు – ఇవన్నీ ట్రంకు పెట్టెలో చీరల క్రింద దాచిన తల్లులను మీరందరు ఎరుగుదురు. దాచుట సులువే. కావలసిన రోజున ఆ కాగితము చేతికి దొరకుటయే కష్టము.

ఇప్పుడు ఆ పెట్టె పని ఫోను చేస్తున్నది. పింటరెస్ట్ అను ఒక సైటు ఉన్నది. నచ్చిన బొమ్మను నొక్కితే అది ‘పిన్’ అయి, మనము పేరు పెట్టుకున్న ‘బోర్డు’ మీదికి చేరుతుంది. 2010 మార్చిలో అమెరికాలో దీనిని ఆరంభించిన ముగ్గురిలో ఒకరైన బెన్ సిల్బర్‌మన్‌కు చిన్నతనములో పురుగులను పోగుచేసే అలవాటుండేదట. పురుగులను పోగుచేయువారు ప్రతి పురుగు క్రింద ఒక చీటీ పెడతారు: దాని పేరేమిటి, ఎక్కడ దొరికినది, ఏ రోజున దొరికినది. చీటీ లేని పురుగు ఎంత అందముగా ఉన్నా పరిశోధకునికి పెద్దగా పనికిరాదు. ఆ చీటీ సంగతి మా యింట ఎంత అక్కరకు వచ్చినదో చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

2024 వేసవిలో మా అమ్మ బాపట్ల దగ్గరి మా పల్లెలో పెరటి గడప తగిలి పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను జరిగిన తరువాత గుంటూరులో మా యింట ఉన్నది గాని, వాకరు పట్టుకొని నాలుగడుగులు వేయగలిగిన రోజు నుండి ఒకటే మాట: “నా యింటికి నన్ను పంపండి.” నాన్న పోయిన తరువాత కూడా ఆమె విడువని ఇల్లు అది. డాక్టరుగారు ఆలోచించి, ఇంటిలో మార్పులు చేయిస్తే పంపవచ్చునన్నారు. మరుగుదొడ్డి పెరడు దాటి ఉన్నది, అదియు క్రింద కూర్చునేది. వాకిట మూడు మెట్లు. మరొకసారి పడితే ఆమె లేచి నడవడము కష్టమని మాకందరికి తెలుసు గనుక ఇది వేడుకకు చేసే పని కాదు.

మేమిద్దరము గుంటూరులో, తమ్ముడు హైదరాబాదులో, చెల్లెలు డల్లాసులో. అందరము కలిసి ఒకే బోర్డు తెరిచాము. దానిని ‘సీక్రెట్’గా పెట్టుకుంటే పిలిచిన వారికి తప్ప ఇతరులకు కనబడదు. అమ్మ స్నానము, మరుగుదొడ్డి విషయములు లోకానికి ఎందుకు? మూడు వారములలో ఆ బోర్డు మీద 340 బొమ్మలు చేరాయి. వీటిలో ఎక్కువ భాగము చెల్లెలివే. అక్కడ పని ముగించుకొని, పిల్లలను పడుకోబెట్టి, రాత్రివేళ కూర్చుని ఒక్కొక్కటి పంపేది. దూరముగా ఉన్న ఆడపిల్ల తల్లికి చేయగలిగిన సేవ అదే గదా.

ఈ సైటు స్వభావము కూడ చెప్పాలి. మనమొక బొమ్మను దాచుకుంటే దానివంటివి మరి కొన్ని తెచ్చి చూపుతుంది. ప్రకటనల మీద బ్రతికే వ్యాపారము గనుక మనము ఎంతసేపు చూస్తే దానికి అంత లాభము. నాలుగు చాలు అని అది ఎన్నడును చెప్పదు. చాలు అనవలసినది మనమే.

అంతలో మేస్త్రి వచ్చాడు. ఆయన మా ఊరివాడే, నాన్న కాలము నుండి ఎరిగినవాడు. ఫోను తీసుకొని వ్రేలితో బొమ్మలు జరుపుతూ పోయాడు. నీలిరంగు పలకలు, పడుకొని స్నానము చేసే తొట్లు, అద్దాల తలుపులు. చివరకు ఫోను తిరిగి ఇచ్చి, “అన్నీ బాగున్నాయి బాబుగారూ. వీటిలో నన్ను కట్టమనేది ఏది?” అన్నాడు.

ఆ రాత్రి చెల్లెలితోను తమ్మునితోను ఫోనులో మాట్లాడుకుంటూ సర్దుట మొదలుపెట్టాము. బోర్డు లోపల ‘సెక్షను’లనే అరలు చేసుకొనే వీలు 2017 నుండి ఉన్నది. గదుల వారీగా చేయుదమని చెల్లెలు అన్నది: స్నానాలగది, వంటిల్లు, పడకగది, వాకిలి. వినుటకు సబబే. అయితే మేస్త్రి నాలుగు గదులలోను పనిచేస్తాడు, ప్లంబరు రెండింటిలో. ఎవరికి వారు నాలుగు అరలు వెదకాలి. అందుచేత పనివారి వారీగా చేశాము: మేస్త్రి, ప్లంబరు, వడ్రంగి, కరెంటు, కొనవలసినవి. బోర్డులో ‘ఆర్గనైజ్’ నొక్కితే పది ఇరవై బొమ్మలను ఒకేసారి ఎంచుకొని ఒక అరలోనికి పంపవచ్చును.

ప్రతి బొమ్మ క్రింద చీటీ వ్రాయాలని నియమము పెట్టుకున్నాము. ఈ బొమ్మలో మనకు కావలసినది ఏది? కొలత ఎంత? మన ఊరిలో చేయగలవారెవరు? ఈ మూడును వ్రాయలేకపోతే ఆ బొమ్మ ఉండకూడదు. ఇక్కడే చాలా రాలిపోయాయి. గోడకు బిగించిన పట్టు కమ్ములే తీసుకోండి. అమెరికాలో చాలా ఇండ్లకు గోడ లోపల చెక్క నిలువులు ఉంటాయి, కమ్మిని మరలతో వాటికి బిగిస్తారు. మాది బంకమట్టితో పేర్చిన పాత ఇటుక గోడ. మేస్త్రి ఒకచోట సుత్తితో తట్టి చూసి, ఇది బోల్టును పట్టదు, మనిషి బరువు పడితే గోడపెచ్చుతో సహా ఊడి వస్తుందన్నాడు. కనుక నేలలో కాంక్రీటు పోసి నిలబెట్టే స్టీలు కమ్మి ఉన్న బొమ్మ ఒక్కటి నిలిచింది, తక్కినవి పోయాయి. కమ్మి ఎత్తు ఏ బొమ్మలోనిదీ కాదు. అమ్మను కుర్చీలో నుండి లేవమని, ఆమె చేయి సహజముగా చాచిన చోట సుద్దముక్కతో గీసి, టేపుతో కొలిచాము.

వాకిట మెట్ల బదులు వాలు కట్టాలి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది అందరు పాటించే లెక్క. మా మూడు మెట్లు కలిపి 18 అంగుళములు, అంటే 18 అడుగుల వాలు కావాలి. వాకిలి నుండి రోడ్డు వరకు ఉన్నదే 14 అడుగులు. బోర్డులో అందముగా కనబడిన పొట్టి వాలులన్నీ ఈ ఒక్క లెక్కతో వెళ్లిపోయాయి. మధ్యలో సమముగా ఒక చదును ఇచ్చి, అక్కడ నుండి ప్రక్కకు తిరిగే వాలు బొమ్మ ఒకటి మిగిలింది. తమ్ముడు పంపినది. ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటాడు.

కొన్ని బొమ్మలు అసలు ఎవరూ కట్టినవే కావు. ఒకదానిలో పట్టు కమ్మి ఒక కొన గోడలో, రెండవ కొన గాలిలో ఉన్నది! కృత్రిమ మేధ గీసినదని పిల్లలు చెప్పారు. అటువంటి వాటికి గుర్తు వేయుట ఆ సైటు 2025లో మొదలుపెట్టినది గాని, మేము సర్దిన రోజులలో అది లేదు. బొమ్మను నొక్కి, అది వచ్చిన అసలు చోటికి వెళ్లి, అక్కడ కట్టినవారు కొలతలు ఇచ్చారా లేదా అని చూడడమే మాకు దొరికిన పరీక్ష.

ఇక తీసివేయుట. ఒకే బొమ్మ ఇద్దరు ముగ్గురు దాచినవి 94 తేలాయి, వాటిని తుడిచివేశాము. మిగిలిన వాటిలో అక్కరలేనివి 211. “అన్నీ తీసేస్తారా వదినా?” అన్నది చెల్లెలు. గొంతు కొంచెము వణికింది. రాత్రుల నిద్ర ఉన్నది ఆ బొమ్మలలో. బోర్డును డిలీట్ చేస్తే అందులోని పిన్నులన్నీ పోతాయి. ఆర్కైవ్ చేస్తే కంటికి కనబడవు గాని ఎప్పుడైనా తిరిగి తెరువవచ్చును. ఆ 211ని వేరొక బోర్డుకు మార్చి, ఆర్కైవ్ చేసి, “ఇవి ఎక్కడికీ పోలేదు” అని ఆమెకు చెప్పాము. ఇంటి మనుషులతో కలిసి సర్దునప్పుడు ఏది పనికివస్తుందన్న లెక్క ఒక్కటే చాలదని మా అభిప్రాయము.

మిగిలినవి 35. మేస్త్రికి 9, ప్లంబరుకు 8, వడ్రంగికి 6, కరెంటుకు 5, కొనవలసినవి 7. ఎవరి అర వారికి చూపాము. ప్లంబరు పది నిమిషములలో సామాను జాబితా వ్రాసుకొని బజారుకు వెళ్లాడు.

అన్నిటికంటె ముందు అమ్మకు చూపించాము. కళ్లజోడు తుడుచుకొని ముప్పై అయిదూ చూసింది. మంచము ప్రక్కన నొక్కితే ప్రక్కింటిలో మ్రోగే గంట ఆమెకు నచ్చింది. పొయ్యి దిమ్మె ఎత్తు తగ్గించుటకు ఒప్పుకోలేదు. నిలబడి వండలేని రోజున చూద్దామన్నది. మేము ఎంత చెప్పినా వినలేదు, ఆ విషయము ఇప్పటికీ తేలలేదు. తరువాత అడిగింది:

“ఒరే అబ్బాయీ, అంతా బాగానే ఉంది. గోంగూర ఎక్కడ కూర్చుని ఒలుచుకోవాలిరా? వీధి కనబడాలి.”

మేము ఆమెను పడకుండా ఉంచే బొమ్మలే వెదికాము గనుక అది మా అరలలో ఎక్కడా లేదు. క్రింద కూర్చోకూడదు, కుర్చీలో కూర్చుంటే ఒడిలో చేట నిలవదు. ఆ సైటులో వెదికితే తోటబల్లలు వచ్చాయి, పూలకుండీలు వచ్చాయి. వడ్రంగి ఆమెను రెండు ప్రశ్నలు అడిగి, పాత తలుపు చెక్కతో కుర్చీ ఎత్తున ఒక బల్ల చేశాడు. ముందువైపు చేట కూర్చునే గాడి, కుడిప్రక్క లేచుటకు చేతికర్ర. వాలు తిరిగే చోట, వీధి అరుగు ప్రక్కన దానిని వేశాము. అక్టోబరులో అమ్మ ఇల్లు చేరింది. ఆ బల్లను మేమే ఫోటో తీసి వడ్రంగి అరలో పెట్టాము. క్రింద చీటీ చెల్లెలు వ్రాసింది: ఎత్తు 18 అంగుళములు, టేకు, మన ఊరిలోనే చేశారు.