రెండు ఆఫర్లు, ఏప్రిల్ 15

హైదరాబాద్ మైండ్‌స్పేస్‌లో టీ తాగుతుంటే మా టీమ్‌లో అమ్మాయి ఫోన్ నా ముందు పెట్టింది. "అక్కా, ఏది తీసుకోను?"

రెండు పీహెచ్‌డీ ఆఫర్లు. ఒకటి అమెరికాలో పేరున్న యూనివర్సిటీ. ఇంకోటి ఇక్కడే, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ. అమెరికా వాళ్లకి ఏప్రిల్ 15లోపు చెప్పెయ్యాలి.

చుట్టూ ఉన్నవాళ్లంతా ర్యాంకు అడిగారు, స్టైపెండ్ అడిగారు, వీసా సంగతి అడిగారు.
గైడ్ ఎవరని ఒక్కరూ అడగలేదు!

నాకు మనసొప్పలేదు. ఐదారేళ్లు ఆ ఒక్క మనిషి దగ్గర పనిచెయ్యాలి. ర్యాంకు యూనివర్సిటీది, రోజూ పొద్దున్నే వెళ్లాల్సింది ల్యాబ్‌కి.

మన కంప్యూటర్ సైంటిస్టు రాజ్ రెడ్డి గారినే చూడండి, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ పూర్తి చేసింది 1966లో. అక్కడ కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ పెట్టిందే 1965లో. ఇక చూసుకోవడానికి ర్యాంకులెక్కడివి? ఆయనకి ట్యూరింగ్ అవార్డు 1994లో వచ్చింది.

"అమెరికాలో గైడ్ దగ్గర ఇప్పుడు చేస్తున్నవాళ్లని అడిగావా?" అన్నాను.

మెయిల్స్ తీసి చూపించింది. అమెరికా ల్యాబ్ నుంచి ఒకతను పేజీడు పొగడ్త రాశాడు. అదే ల్యాబ్‌లోని ఇంకో అమ్మాయిది ఒకటే లైను: "మెయిల్లో వద్దు, వీలైతే ఫోన్ చెయ్."

పది రోజులైందట. ఇంకా చెయ్యలేదు. మొహమాటమట.

ముందు ఆ ఫోన్ చెయ్యి తల్లీ, ర్యాంకులు తర్వాత చూద్దాం అన్నాను.

పీహెచ్‌డీ చేసినవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు కూడా... ఆ ఫోన్‌లో తను ఏమేం అడగాలో కింద రాయండి ప్లీజ్. రాత్రికే చేస్తానంది.