తన మడిగెకు తానే కిరాయిదారు

బ్రిటన్‌లోని లెస్టర్‌లో కిరాణా కొట్టు నడుపుతున్న ఓ తెలంగాణ కాటారం ఆయనకు పోయిన వారం ఉత్తరం వచ్చింది. కొట్టు కిరాయి పెరిగిందట. పెంచింది పరాయివాడు కాదు, ఆయన పింఛనే. ఆ భవనం ఆయన పింఛను ఖాతాలోదే. ప్రతి ఒకటో తారీఖున కొట్టు డబ్బు అందులోకే పోతుంది. అయినా కోపం మాత్రం ఎవడో ఓనరు మీద వచ్చినట్టే వచ్చింది.

కాటారంలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాడు.

"కిరాయి ఎవలికి కడుతున్నవ్ బిడ్డా?"

"నాకేనే అమ్మా."

"నీది నువ్వే కట్టుకునుడేంది? ఈ జేబుల పైసలు ఆ జేబులేసుకునేటందుకు కాయితం రాసిండ్రా?"

రాశారు. పేరు సిప్. మన మ్యూచువల్ ఫండ్ల సిప్ కాదు, ఇది బ్రిటన్‌లో సొంత పింఛను. 1989 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి నైజెల్ లాసన్ తలుపు తీసిన పద్ధతి. పింఛను సొమ్ముతో దుకాణమో, గోదామో, ఆఫీసో, సాగు భూమో కొనొచ్చు. ఉన్నదాంట్లో సగం దాకా అప్పు కూడా తేవచ్చు, అంటే రెండు లక్షల పౌండ్లుంటే ఇంకో లక్ష. వచ్చిన కిరాయికి ఆదాయపన్ను లేదు, అమ్మితే వచ్చే లాభం మీదా పన్ను లేదు. కొట్టు మునిగి దివాలా తీసినా అప్పులవాళ్లు మామూలుగా ఈ ఆస్తి జోలికి రాలేరు. ఈ మాట దగ్గర ఆయన గొంతు మెత్తబడుతుంది. పత్తి పోయిన ఏడు భూమి కాగితాలు షావుకారు పెట్టెలోకి వెళ్లడం చూసి పెరిగినవాడాయన.

ఇంత మెచ్చుకుని, వెంటనే మళ్లీ మొదలు పెడతాడు: కాగితం మీద నా పేరేది?

బాపు పట్టాదారు పాస్‌బుక్కులో బాపు ఫొటో ఉండేది. ఇక్కడ రిజిస్ట్రీ కాగితంలో ఉన్నది ట్రస్టీ కంపెనీ పేరు. "భూమి మనదే, పేరే మన మీద లేదు" అంటే కాటారంలో దానికి ఒకటే అర్థం, కేసు నడుస్తోందని.

కిరాయి ఎంతో చెప్పే హక్కూ లేదు. బయటి వాల్యూయర్ వచ్చి గదులు కొలిచి, వీధిలో మిగతా కొట్ల కిరాయిలు చూసి తేలుస్తాడు. ఓనరుకు టీ ఇచ్చినా, కిరాయిదారుకు టీ ఇచ్చినా అదే కప్పు, అదే మనిషి. అందుకే ఆ వాల్యూయర్‌కు పోశాడు. ఆయన తాగి, పెంచి పోయాడు. తక్కువ కట్టినా, నెలల తరబడి ఎగ్గొట్టినా పింఛను సొమ్ము దొంగదారిన వాడుకున్నట్టేనని పన్ను శాఖ లెక్క.

పై గది సంగతైతే చెప్పుకుంటే సిగ్గు. అమ్మ వచ్చి ఆరు నెలలున్నప్పుడు ఆమెకు నచ్చిందల్లా కొట్టు మీది గదే. కిటికీలోంచి రోడ్డు, వచ్చే పోయే జనం. కాటారం చౌరస్తాలో కూర్చున్నట్టే ఉందంది. అక్కడే పడుకుంటానంది. కుదరదన్నాడు. ఇళ్లను కూడా పింఛనులో పెట్టనిస్తామని చెప్పి, అది అమల్లోకి రావాల్సిన 2006 ఏప్రిల్‌కు నాలుగు నెలల ముందు ఆర్థిక మంత్రి గోర్డన్ బ్రౌన్ వెనక్కి తగ్గాడు. ఇప్పుడు ఆ గదిని సొంతవాళ్ల కాపురానికి వాడితే 55 శాతం దాకా వాత. అందుకని అందులో బియ్యం బస్తాలు పడుకుంటాయి. అమ్మ మధ్యాహ్నం వాటి మీద ఒరిగి కునుకు తీస్తే ఈయన కింద గల్లా దగ్గర కూర్చుని బిక్కుబిక్కుమన్నాడు.

మరి ఇంటి దగ్గర ఇంతకన్నా మేలా అంటే, సర్కారు బడిలో పంతులైన బావ నవ్వుతాడు. 2004 సెప్టెంబరు 1 నుంచి కొలువులో చేరినవాళ్లకు వాటా పింఛను సీపీఎస్సే గతి. జీతంలో కోసిన సొమ్ము బాండ్లకూ షేర్లకూ పోవాల్సిందే. దాంతో చౌరస్తాలో మడిగె కొంటానంటే వినేవాడే లేడు. ఈయన ఇంకో అడుగు ముందుకేసి, కాటారం మడిగెనే బ్రిటిష్ పింఛనులో పెట్టొచ్చా అని అడిగి చూశాడు. విదేశీ ఆస్తి అనగానే కంపెనీవాళ్లు ఫోన్ పెట్టేశారు. బ్రిటిష్ పౌరుడయ్యాడు గనక ఊళ్లో పక్క చెలక కొందామన్నా ఇండియా విదేశీ మారకపు చట్టం ఫెమా ఒప్పుకోదు. వారసత్వంగా వస్తేనే వ్యవసాయ భూమి.

బాపుకు పింఛను లేదు, చౌరస్తాలో రెండు మడిగెలున్నాయి. ఒకదాంట్లో దర్జీ ఉండేవాడు. కిరాయి తేదీకి ఎప్పుడూ రాలేదు. దసరాకు బట్టలు కుట్టి కొంత చెల్లేసేవాడు. పిల్ల పెండ్లి ఏడు నాలుగు నెలలు బాపే అడగలేదు. కాళేశ్వరం బస్సు దిగినవాళ్లు ఆ అరుగు మీదే కూర్చునేవాళ్లు. బాపు మధ్యాహ్నం అక్కడే, మిషను చప్పుడులో నిద్రపోయేవాడు. ఏ వాల్యూయరూ లేపలేదు.

ఇంకా ఘోరమేమంటే, ఈయన ఆ డబ్బు ముట్టుకునే వయసు 55 నుంచి 2028 ఏప్రిల్ 6న 57కు జరుగుతోంది. పోనీ పిల్లలకు మిగులుతుందిలే అనుకుంటే, 2027 ఏప్రిల్ నుంచి వాడని పింఛను కూడా వారసత్వ పన్ను లెక్కలోకి వస్తోంది.

ఇవన్నీ ఆదివారం వీడియో కాల్‌లో ఏకరువు పెట్టాడు. అమ్మ పప్పు ఏరుకుంటూ విన్నది.

"గంత పెంచితె ఎట్ల బిడ్డా? ఆ ఓనర్‌తోని ఒక్కసారి మాట్లాడి సూడరాదు? మంచోడైతె తగ్గియ్యకపోతడా?"