బోరు గట్టున ఫ్రాన్సిస్

1226లో కన్నుమూసిన క్రైస్తవ సాధువు అసిసీ ఫ్రాన్సిస్‌ను తలచుకోగానే పక్షులకు ప్రవచనం చెప్పిన కథ, తోడేలును మచ్చిక చేసుకున్న కథ గుర్తొస్తాయి. ముచ్చటైన కథలే. ఆయన జీవితానికి ఇరుసు మాత్రం పేదరికం. 1223లో పోపు ఆమోదించిన నియమావళి ప్రకారం ఆయన సన్యాసి సంఘంలోని సోదరులు ఇల్లుగానీ స్థలంగానీ మరే వస్తువుగానీ తమదనుకోకూడదు, డబ్బు ముట్టకూడదు. పెళ్లాం పిల్లలున్న సంసారి ఈ కాలంలో దీన్ని పాటించడం ఎలా అన్న ప్రశ్నకు మఠాల్లోకన్నా అనంతపురం జిల్లా కుందుర్పి మెట్టచేలల్లోనే గట్టి జవాబు దొరుకుతుందని నా నమ్మకం. అక్కడ భూమి ఎంతున్నా, నీళ్లున్నవాడే ఉన్నవాడు.

అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అదీ వేళకు రాదు. వేరుశనగ ఊడలు దిగేటప్పుడు వాన మొహం చాటేస్తే పెట్టుబడి మట్టిపాలే. అందుకే అప్పు చేసైనా బోరు వేయిస్తారు. రిగ్గు బండి దిగాక ఇంటిల్లిపాదీ గట్టున నిలబడి పైకి లేచే దుమ్మునే చూస్తారు. ఆ బూడిదరంగు దుమ్ము తడిసి బురదైతే ప్రాణం లేచొస్తుంది, లేకపోతే ఇంకో వంద అడుగులు పోదామంటారు. పక్క చేలో అంతకన్నా లోతుగా వేస్తే ఇక్కడి రెండించీల నీళ్లు ఒక ఇంచికి పడిపోతాయి, తర్వాత మోటారు గాలి పీలుస్తుంది. రాతి పగుళ్లలోని నీళ్లు గట్టు కింద కలిసే ఉంటాయి మరి. 1225లో, చూపు దాదాపు పోయిన రోజుల్లో, ఫ్రాన్సిస్ కట్టిన కీర్తనలో సూర్యుడు అన్న, నీరు చెల్లెలు. దాన్ని కవి భావుకత అని పక్కన పెట్టేస్తాం. నీళ్లను సొత్తుగా చూస్తే ఏమవుతుందో ఎండిన బోర్లను చూసినవాళ్లు అలా పక్కన పెట్టలేరు.

కరువుసీమ రైతుకు పేదరికం బోధించడం క్రూరం కాదా అని ఎవరైనా అడిగితే, న్యాయమైన ప్రశ్నే. వానలు లేక బెంగళూరుకు వలసపోయే కుటుంబానికి త్యాగం నేర్పే హక్కు ఎవరికీ లేదు. ఫ్రాన్సిస్ బట్టల వర్తకుడి కొడుకు; ఉన్నదాన్నే వదిలాడు. ఆ వ్రతం అడిగేది మరో మూడు వందల అడుగులు దించగల స్థోమతున్నవాణ్ణి. ఈ జిల్లాలో 1969 నుంచి చివరిదాకా పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్ జెసూట్ సంఘం నుంచి వచ్చినవాడు, ఫ్రాన్సిస్కన్ కాడు. అయినా కోరి ఎంచుకున్న పేదరికానికీ నెత్తిన పడ్డ పేదరికానికీ ఉన్న తేడాను ఆయన సరిగ్గా పట్టుకున్నాడు: తాను నిరాడంబరంగా బతుకుతూ, పేదలకు ఇళ్లు, బడులు, ఆసుపత్రులు కట్టించాడు.

నేనొక్కణ్ణి ఆగితే పక్కవాడు తోడేస్తాడన్నది ఇంకా గట్టి అభ్యంతరం. బోర్లను అదుపు చేసేందుకు 2002లో వాల్టా చట్టం వచ్చింది, అయినా రిగ్గులు ఆగలేదు. అయితే ఫ్రాన్సిస్ వ్రతం కూడా ఒంటరిది కాదు, పదిమంది కలిసి ఒప్పుకున్న కట్టుబాటు. అలాంటి కట్టుబాటు ఇక్కడా కనిపించింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏవో) తోడ్పాటుతో అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాల్లో సాగిన భూగర్భజల పథకంలో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం చూసి రాసుకున్నారు, రబీకి ముందు నలుగురూ కూర్చుని ఉన్న నీళ్లకు తగ్గ పంటలు లెక్క వేసుకున్నారు. జిల్లాలో కొన్నిచోట్ల బోర్లున్నవాళ్లు పైపులైన్లు కలుపుకొని, బోరు లేని పొరుగు చేనుకు ప్రాణం నిలిపే తడి ఇచ్చారు. బదులుగా అందరూ కొత్త బోర్లు వేయబోమని మాటిచ్చుకున్నారు. ఇలా నీళ్లెక్కువ తాగే వరి మానుకున్నవాడికి ఆ ఏడు రాబడి తగ్గితే తగ్గినట్టే, దాన్ని దాచిపెట్టి సుద్దులు చెప్పకూడదు. పక్క చేలో ఒక్క తడితో గట్టెక్కిన వేరుశనగను కూడా అదే లెక్కలో రాయాలి.