మందుల గది తాళపుచెవి

కృష్ణా జిల్లా మెట్టసీమలో నందిగామ, జగ్గయ్యపేట యను రెండు పట్టణములు గలవు. 2022వ సంవత్సరము నుండి ఈ ప్రాంతము ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. విజయవాడ నుండి హైదరాబాదునకు పోవు రహదారి ఈ రెండు పట్టణముల మీదుగా సాగును. ఆ దారికి అనతిదూరమున నొక పల్లెలో పత్తియు మిరపయు పండించుకొను రైతు కుటుంబమొకటి కలదు. ఆ యింటి యేకైక కుమారుడు నందిగామలో ఇంటర్మీడియట్ ముగించి, తనకు తగిన వృత్తి యేదియా యని యాలోచించుచుండెను.

అతని యాలోచనకు మూలమైన సంఘటన యొకటి కలదు. మూడేండ్ల క్రిందట మిరపతోటలో అతని తండ్రిని రక్తపింజర కరచెను. ఇరుగుపొరుగువారు ఆలస్యము చేయక ఆయనను ఆసుపత్రికి చేర్చిరి. వైద్యుడు ఉన్నాడు. విరుగుడు మందును ఉన్నది. కాని మందుల గది తాళపుచెవి గలవాడు మాత్రము లేడు. అతనిని వెదకి తెచ్చుసరికి రెండు గంటలు గడచెను. తండ్రికి ప్రాణము దక్కెను గాని, కుడిపాదము దక్కలేదు. మందు లేక కాదు, వైద్యుడు లేక కాదు, సరియైన ఏర్పాటు లేక తన తండ్రి కుంటివాడయ్యెనన్న సంగతి ఆ బాలుని మనస్సున నాటుకొనెను.

జగ్గయ్యపేటలో సైనిక వైద్యదళమున చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్న సుబేదారొకరు కలరు. యువకు డొకనా డాయన యింటికి పోయి, “తాతగారూ! సైన్యమున తుపాకి పట్టక చేయదగిన పని యేమైన గలదా?” అని యడిగెను.

వృద్ధుడు నవ్వి యిట్లనెను: “తుపాకి పట్టుట మాకును నేర్పుదురు, అబ్బాయీ! కాని మా పని ప్రాణము నిలుపుట. 1943 ఏప్రిల్ 3వ తేదీన మూడు వైద్య శాఖలను కలిపి మా దళము నేర్పరచిరి. అందులో వైద్యులు మాత్రమే కారు. మందులు భద్రపరచువారు, రోగులను మోయువారు, లెక్కలు వ్రాయువారు, వంటయు పారిశుద్ధ్యమును చూచువారు, వీరందరిని నడపు పాలనాధికారులు ఉందురు. వీరిలో నొక్కడు తప్పినను వైద్యుని విద్య వ్యర్థమగును.”

ఆయన మాటకు చరిత్రయే సాక్షి. 1854లో క్రిమియా యుద్ధమున గాయపడిన ఆంగ్ల సైనికులను టర్కీలోని స్కుటారి ఆసుపత్రికి చేర్చిరి. అచట గాయములకంటె రోగముల వలననే యెక్కువమంది మరణించిరి. ఫ్లారెన్స్ నైటింగేలు దీపము పట్టుకొని రోగులను పరామర్శించుట లోకమెల్ల నెరుగును. ఆమె వంటశాలను, బట్టల యుతుకును, సామగ్రి లెక్కలను చక్కపరచుట కొందరే యెరుగుదురు. 1855లో ప్రభుత్వము పంపిన పారిశుద్ధ్య సంఘము మురుగుకాలువలను శుభ్రపరచి, గదులకు గాలి వచ్చునట్లు చేసిన పిదప మరణములు మిక్కిలి తగ్గెను.

మన దేశ చరిత్రలోను అట్టి యుదాహరణము గలదు. 1950లో కొరియా యుద్ధమునకు భారతదేశము పోరు సేనను పంపక, కర్నలు రంగరాజుగారి నాయకత్వమున 60వ పారాచూట్ వైద్యదళమును పంపెను. ఆ డిసెంబరులో ప్యాంగ్యాంగు నగరమును విడిచి వెనుకకు మరలవలసి వచ్చెను. సామగ్రిని తరలించుటకు బండ్లు చాలలేదు. ఔషధములను, శస్త్రములను విడిచిపెట్టినచో ముందు నాళ్లలో గాయపడినవారికి దిక్కెవరు? ఆ దళమువారు విడిచిపోబడిన రైలింజను నొకదానిని కనుగొని, బొక్కెనలతో నీరు మోసి నింపి, తమలో ఇంజను నడుప నేర్చినవారి సాయముతో సామగ్రినంతయు దాటించిరి. 1954 వరకు వారచట రోగుల సేవ చేసిరి.

సుబేదారుగారు కష్టములను దాచలేదు. “ఎచటికి పొమ్మనిన అచటికి పోవలెను. వైద్యుడు కాగోరువారికి 1948లో నెలకొల్పబడిన పూనా సైనిక వైద్య కళాశాల యున్నది. జవానుగా చేరినవాడు వెంటనే అధికారి కాడు. ఏండ్ల తరబడి పనిచేసి, పరీక్షలలో నెగ్గిన కొందరికే పాలనాధికారి పదవి లభించును. పేరు కొరకైనచో రావలదు” అనెను.

యువకుడు ఇంటికి వచ్చి సంగతి చెప్పగా తల్లి కంటనీరు పెట్టుకొని, “నాయనా! మీ నాయనకు కాలు లేదు. నీవును పోయినచో చేనెవరు చూచెదరు?” అనెను. ఆమె మాటలో న్యాయము గలదు. కుమారుడు బదులు పలుకలేకపోయెను.

అంతవరకు మౌనముగా నున్న తండ్రి, “ఆనాడు ఆ తాళపుచెవి వీనివంటివాని చేతిలో నుండినచో నాకీ గతి పట్టియుండదు. నావంటివారు ఇంకను ఎందరో గలరు కదా!” అనెను.

తల్లి రెండు దినములు ఆలోచించి, చేనును తన తమ్మునికి కౌలున కిచ్చుటకు ఒప్పుకొనెను. “సెలవు దొరికినప్పుడెల్ల రావలెను సుమా!” అని మాత్రము కుమారుని చేత మాట తీసికొనెను. అతడు మరునాడే సైనికుల యెన్నికకు దరఖాస్తు వ్రాయ మొదలిడెను. ఎన్నిక యగునో కాదో యింకను తెలియదు. కాని తాను కోరినది పదవి కాదనియు, వేళకు తాళము తీయు బాధ్యత యనియు అతడు చక్కగా నెరిగియుండెను. నలుగురి కంటబడని పనిని శ్రద్ధతో చేయువారి వలననే నలుగురి ప్రాణములును నిలుచుచున్నవి.