కర్త, కరణము

2003లో వచ్చిన నోకియా 1100 ఫోనులో ఒక టార్చిలైటు ఉండేది. మీట నొక్కితే వెలిగేది. పని ముగిసిన తరువాత మౌనం వహించేది. వేదాంత పరిభాషలో అది శుద్ధమైన కరణం. 2007లో ఐఫోన్ అంకెల మీటలను తొలగించి, వాటి స్థానంలో అద్దాన్ని నిలిపింది. చూపు మందగించిన వృద్ధుడు నేడు ఆ అద్దంపై గీతాక్షరాలను పెద్దవిగా చేసుకొని పారాయణ సాగించగలుగుతున్నాడు. ఇది సామాన్యమైన ఉపకారం కాదు. అయితే ద్వితీయాధ్యాయంలో స్థితప్రజ్ఞ లక్షణాలు చదువుతుండగానే పైనుండి ఏదో సందేశం జారుతుంది, వ్రేలు అప్రయత్నంగా అటు మళ్ళుతుంది. కఠోపనిషత్తు ఇంద్రియాలను అశ్వాలతోను, బుద్ధిని సారథితోను పోల్చింది. ఇక్కడ అశ్వాన్ని పిలుస్తున్నది సారథి కాదు, కరణమే! ఆ పిలుపును ఆపే ఏర్పాటు కూడా ఆ పరికరంలోనే ఉన్నది. కొందరు ఆచమనానికి ముందే దానిని వినియోగిస్తున్నారు.