తిరగబడిన అక్షరము

మా కుటుంబము నాలుగు తరములుగా బరంపురములో నున్నది. గంజాం జిల్లా మదరాసు రాజధానిలో చేరియుండిన కాలమున మా ముత్తాతగారు ఇచ్చట ఇల్లు కట్టినారు. 1936లో ఒరిస్సా రాష్ట్రము వేరుపడినప్పుడు మేము కదలలేదు, ఎల్ల కదలినది. నాటినుండి మా పిల్లలకు ఇంటిలో తెలుగు, బడిలో ఒడియా, కొలువులో ఇంగ్లీషు. ఈ సంచిక చదువరులలో చాలమందికి ఊరి పేరు మార్చిన యెడల ఇదియే స్వంత కథ యగును.

నేను ముప్పది యేండ్లు తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. ఆ వృత్తి నాకు అన్నము పెట్టినది. ఒక దురభ్యాసమును కూడ ఇచ్చినది. నా మనుమరాలు భువనేశ్వరములో పెరిగినది. దానికి తొమ్మిదవ యేట, సంక్రాంతికి, తల్లి కూర్చుండబెట్టి నేర్పగా నాకు ఒక ఉత్తరము వ్రాసినది. ఎనిమిది పంక్తులు. ‘నమస్కారములు’ అనుచోట ‘నమసకారములు’ అని యుండెను. దీర్ఘములు లేవు, వొత్తులు లేవు, ‘ళ’కు బదులు అంతటను ‘ల’. నేను ఎర్ర సిరాతో పదునాలుగు తప్పులు దిద్ది, శుద్ధప్రతి వ్రాసి పంపుమని దానిని తిప్పి పంపినాను. శుద్ధప్రతి రాలేదు. ఆ తరువాత ఆ పిల్ల నాకు తెలుగులో ఒక్క అక్షరము వ్రాయలేదు. టెలిఫోనులో మాత్రము సగము తెలుగు, సగము ఒడియా కలిపి ప్రేమగా మాట్లాడుచుండెడిది. నేనును ఆ సంగతి మరచితిని.

ఇప్పుడది ఇంజనీరింగు చదువుచున్నది. పోయిన వేసవి సెలవులలో మా యింటికి వచ్చి, “తాతయ్యా, ఒక జపాను బొమ్మల చిత్రము చూద్దామా?” అని అడిగినది. పడుచుపిల్లలు కొండంత రోబోటులలో కూర్చుండి లోకమును రక్షించుట కథ యని చెప్పగా నవ్వితిని. అయినను మనుమరాలి మాట కాదనలేక కూర్చుంటిని.

ఆ చిత్రము పేరు ‘గన్‌బస్టర్’. గైనాక్స్ అను సంస్థ 1988–1989 సంవత్సరములలో ఆరు భాగములుగా వీడియోలపై విడుదల చేసినది. హిదెయాకి ఆన్నో అనువారు దర్శకత్వము వహించిన మొదటి చిత్రమిది. 1995లో ‘ఇవాంజెలియన్’తో ఆయన కీర్తి దేశదేశముల ప్రాకినది. దీని జపానీ పేరును ‘టాప్ గన్’ అను అమెరికా చిత్రమునుండియు, బాలికల టెన్నిసు కథయైన ‘ఏస్ ఓ నెరాయె’ నుండియు కలిపి కూర్చినారు. కథయొక్క పుట్టుక ఆ పేరులోనే కలదు. కఠినుడైన శిక్షకుడు, ఆరాధింపదగిన అక్క, కాళ్లు తడబడు క్రొత్త విద్యార్థిని—ఇవి క్రీడాకథలోని పాత్రలే. బ్యాటు ఉండవలసిన చోట రోబోటును పెట్టినారు. మొదటి భాగములో ఆ ఇనుప భూతములు మైదానమున కసరత్తు చేయుచుండగా నాకు మరల నవ్వు వచ్చినది. బాలికల వేషములు కొన్ని చోట్ల పెద్దలకు రుచింపని తీరున నున్నవని కూడ దాచక చెప్పవలెను.

కథానాయిక నొరికో. తండ్రి అంతరిక్ష నౌకాదళములో అధిపతి, యుద్ధములో మరణించినాడు. ఓకినావాలోని శిక్షణాలయములో ఆమె ఎందుకును కొరగానిదని తోడి బాలికలు ఎగతాళి చేయుదురు. ఓటా అను శిక్షకుడు మాత్రము ఆమెను పట్టుదలతో తీర్చిదిద్ది, కజుమి అను ప్రతిభావంతురాలికి జోడుగా నక్షత్రముల మధ్యకు పంపును. రెండు యంత్రములు కలిసి ఒక్కటైనదే గన్‌బస్టర్. దానిని ఈ ఇద్దరును నడపుదురు.

అటుపైన నా నవ్వు ఆగినది. 1905లో ఐన్‌స్టైన్ తెలిపిన విషయము ఈ కథకు వెన్నెముక. కాంతివేగమునకు దగ్గరగా పయనించువానికి కాలము మెల్లగా నడచును. ఏండ్ల క్రిందట నశించిన తండ్రి నౌక అట్టి వేగముతో కొట్టుకొనివచ్చును. ఆ నౌకలో గడచినది రెండు దినములే. తండ్రి ఇంకను బ్రతికియుండునేమో యని బిడ్డ లోనికి పరుగెత్తును. అచ్చట శిథిలములే యున్నవి. తరువాత నొరికోకు కొన్ని మాసములు గడచునంతలో భూమిపై ఏండ్లు గడచిపోవును. ఆమె చిన్ననాటి నెచ్చెలి బిడ్డ తల్లియగును. భూమిపై నిలిచిన కజుమి వయసు మీరును. నొరికో ఇంకను బాలికయే.

జపానువారు ఈ కాలభేదమును ‘ఉరషిమా ఫలితము’ అందురట. తాబేలు నెక్కి సముద్రగర్భమునకు పోయివచ్చిన జాలరి తన ఊరిలో తన్నెరిగినవారు లేకుండుట చూచిన కథ వారికి కలదు. మనకు భాగవత నవమస్కంధములో కకుద్మి యున్నాడు. కుమార్తెయగు రేవతికి తగిన వరుని అడుగుటకు బ్రహ్మలోకమునకు పోయి, క్షణకాలము వేచియుండినంతలో భూమిపై ఇరువదియేడు చతుర్యుగములు గడచినవి. నేనీ కథ చెప్పగా మా పిల్ల కన్నులింతలు చేసికొని, “అయితే రేవతికి స్నేహితులెవ్వరును మిగలలేదా?” అని అడిగినది. ఇన్నేండ్లు పాఠము చెప్పిన నాకు ఆ ప్రశ్న ఎన్నడును తోచలేదు.

చివరి భాగము నలుపు తెలుపులలో నుండును. బృహస్పతి గ్రహమునే అణచి ఒక మహాస్త్రముగా చేసి శత్రుమూక మీద ప్రయోగింతురు. అది పూర్తిగా పేలదు. ఇద్దరు స్త్రీలును దాని గర్భములోనికి దిగి, తమ యంత్రముయొక్క గుండెను పెరికి దానికి నిప్పంటింతురు. వారు ఇల్లు చేరునప్పటికి భూమిపై 12,000 సంవత్సరములు గడచినవి. భూగోళమంతయు చీకటి. మనుష్యజాతి మిగిలినదో లేదో తెలియదు. అంతలో నేలమీద ఒక దీపము, పిదప వేలాది దీపములు వెలిగి అక్షరములగును: ‘ఒకాయెరినసాయ్’. ఇంటికి తిరిగి వచ్చినవారితో జపానువారు పలుకు మాట యది. గడప దాటునప్పుడు ‘పోతాను’ అనకూడదు, ‘వెళ్లివస్తాను’ అనవలెనని మనము పిల్లలకు నేర్పుదుము గదా. ఆ వెళ్లినవారు వచ్చినప్పుడు “వచ్చావా, తల్లీ” అనుట వంటిది.

మా పిల్ల చిత్రమును ఆపి, చివరి అక్షరమును వ్రేలితో చూపినది. అది అద్దములో వలె తిరగబడి యున్నది.

“చిత్రకారుని పొరపాటా?” అంటిని.

“కాదు తాతయ్యా. అన్ని వేల యేండ్లలో వాళ్లు ఆ లిపిని మరచిపోయారు. అయినా వాళ్లకోసం వ్రాశారు.”

నేను కొంతసేపు మాటలాడలేకపోతిని. ఆ దీపముల పంక్తికి ఎర్ర సిరాతో సున్న చుట్టు మనుష్యుడెవ్వడు? అట్టివాడొకడు మా ఇంటనే, ఆమె ప్రక్కనే, కుర్చీలో కూర్చుండియుండెను. ఆ రాత్రి భోజనముల వేళ, “నీ ఉత్తరమును నేను తిప్పి పంపినాను, జ్ఞాపకమున్నదా?” అని అడిగితిని. “కాగితమేమయిందో గుర్తు లేదు తాతయ్యా, ఎర్ర సిరా గుర్తుంది” అన్నది. కోపము లేదు, మజ్జిగ పోసికొనుచు అన్నది. తప్పు నాదని చెప్పితిని. మనుమరాలితో ఆ మాట అనుటకు నాకు డెబ్బదియేండ్లు దాటవలసివచ్చినది.

దసరాకు దాని యొద్దనుండి ఒక కార్డు వచ్చినది. ఐదు పంక్తులు. ‘ళ’ ఇంకను ‘ల’గానే యున్నది. తప్పులు లెక్కింపకుంటినని చెప్పిన యెడల అసత్యమగును, ఆరు. వానిని గూర్చి ఏమియు వ్రాయక, అది తన పరీక్షలను గూర్చియు హాస్టలు భోజనమును గూర్చియు వ్రాసిన దానికి జవాబు వ్రాసినాను. మరల ఉత్తరము వచ్చినది. అందులో, ‘ళ’ ఎక్కడ వ్రాయవలెనో తనకు తెలియుట లేదనియు, చెప్పుమనియు అడిగినది. అప్పుడు చెప్పితిని.

వ్యాకరణము వలదని నేననుట లేదు, దానితోనే బ్రతికినవాడను. కాని మన సంఘము ఏటేట పిల్లలకు జరుపు వ్యాసరచన పోటీలో తప్పులకు మార్కులు కోయు నియమమును చిన్నపిల్లల తరగతికైనను ఈ సంవత్సరము ఎత్తివేయవలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాను. పరీక్షకునిగా ఉండుటకు నేను సిద్ధముగా నున్నాను. ఎర్ర సిరా కలము తీసికొనిరాను.